అరటి బోదె వెళ్ళిన వైపు

దెయ్యాలనీ పూనకాలనీ నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని చెప్పడానికీ ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తే, నా లెక్కలో తప్పెక్కడుందో ఎవరైనా పట్టుకుంటారేమోనని ఆశ.

మాది నౌపడకి తూర్పున సముద్రం ఒడ్డు ఊరు. నాకు వలల కొట్టు ఉంది. చదువు పదో తరగతితో ఆగింది. తిథిని బట్టి పోటు ఎప్పుడొస్తుందో, గాలిని బట్టి నీరు ఎటు లాగుతుందో లెక్కగట్టడం సొంతంగా నేర్చుకున్నాను. తెగిపోయిన వలలు చాలాసార్లు నేను చెప్పిన చోటే దొరికేవి. అందుకని ఊళ్ళో నా మాట వింటారు.

రెండేళ్ళ కిందట కార్తీకంలో మా అక్క నీలమ్మ భర్త వేట నుంచి తిరిగి రాలేదు. ఇంజను ఆగిపోయిందనీ, ఎక్కడున్నాడో అదీ సాయంత్రం ఫోన్లో చెప్పాడు. ఆ తర్వాత సిగ్నల్ పోయింది. మిగతావి వేట నుంచి ఇంకా తిరిగి రాక, తెల్లారేసరికి ఒడ్డున ఒక్క పడవే ఉంది. ఉన్న డీజిలు ఒక దిక్కుకే సరిపోతుంది. ఎటు వెళ్ళాలో చెప్పమని నన్నడిగారు.

కార్తీకంలో మా దగ్గర నీరు దక్షిణానికి లాగుతుంది. ఆ రాత్రి గాలీ ఉత్తరం నుంచే. దక్షిణం అన్నాను.

ఈలోగా అక్క అరటి బోదె ముక్కకి పసుపు రాసి, దీపం పెట్టి, గంగమ్మకని నీళ్ళలో వదిలింది. మా ఆడవాళ్ళు ఆ నెలలో వదిలేదే. అది కెరటాలు దాటింది, కాసేపు నిలబడింది, తర్వాత నెమ్మదిగా ఉత్తరానికి సాగింది. బోదె ముప్పాతిక నీళ్ళలోనే మునిగి ఉంటుంది కాబట్టి గాలి తోసిందనడానికి లేదు. పైగా గాలి ఎదురు.

ఒడ్డు దగ్గర నీరు వెనక్కి తిరగొచ్చు, లోపలి నీటికి అది సాక్ష్యం కాదని అక్కకి చెప్పాను. ఆ మాట ఇప్పటికీ తప్పు కాదు. అక్క వాదించలేదు.

"నీ లెక్కా మీ బావ కోసరమే, అమ్మోరు సూపినాదీ మీ బావ కోసరమేరా. ఏదో ఒకటి సెప్పు" అంది.

పడవెక్కాక చుక్కాని పట్టినవాడు మళ్ళీ అడిగాడు. ఉత్తరం అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఒళ్ళు జలదరించలేదు, దేవుడు గుర్తుకు రాలేదు. తప్పు చెబితే బావ పోతాడన్న భయం ఉంది గానీ, అది రెండు వైపులా సమానమే కదా.

మధ్యాహ్నం లోపే బావ దొరికాడు. దాహంతో నాలుక పిడచకట్టింది, ప్రాణం ఉంది. ఇంజను ఆగిన చోటికి బాగా ఉత్తరాన ఉన్నాడు. లంగరు వెయ్యలేదట, ఏ పడవా లాగలేదట. ఆ రాత్రి అదే నీటిలో వలలు వేసిన పక్క ఊరివాళ్ళని విడిగా అడిగాను. వాళ్ళ వలలు దక్షిణానికే పోయాయి.

కిందటి కార్తీకంలో అదే తిథి, అలాంటి గాలి చూసుకుని బోదె ముక్కలు వదిలాను. అన్నీ దక్షిణానికే. అక్క వచ్చి చూసి, "అమ్మోరిని పరీచ్చ సేస్తన్నావేటిరా?" అంది.

నీటినే పరీక్షిస్తున్నానన్నాను.

"రెండూ ఏరేరేటి?" అంది.

అన్నీ ఆ రోజులాగే ఉండాలని చివరి ముక్కకి పసుపు రాసి, దీపం పెట్టాను. వదిలాక చూసుకుంటే చేతులు జోడించి ఉన్నాయి. ప్రయోగానికి ఆ అవసరం లేదు. అదీ దక్షిణానికే పోయింది.

ఆ లెక్క ఇప్పటికీ మళ్ళీ మళ్ళీ వేస్తుంటాను. మొన్న అక్క ఇంట్లో భోజనం దగ్గర కూడా వేస్తుంటే, బావ పీతల పులుసు కలుపుకుంటూ అడిగాడు.

"ఒరే బామ్మర్దీ, నీ లెక్క పెకారం నానిప్పుడెక్కడున్నట్టు?"

దక్షిణాన, అన్నాను. ఇంకేం చెప్పను, లెక్క అలాగే వస్తోంది.