ఎడమకు మళ్లిన మనిషి

1973 జనవరి నెల, మూడో మంగళవారం, సాయంత్రం నాలుగుంపావు. నా సినిమా జీవితం మొదలైన గడియ అది. మద్రాసు నుంచి వచ్చిన షూటింగు జీపు గోదావరిఖనిలో మా క్వార్టర్ ముందు ఆగింది. సరిగ్గా నేను ఎండబోసిన మిరపకాయల మీద ఆగింది. నేను డ్రైవర్‌ను తిడుతున్నంతసేపూ వెనక సీటులోంచి దిగిన డైరెక్టర్ చేతులు కట్టుకుని విన్నాడు. నేను ఊపిరి పీల్చుకోగానే, అమ్మా, మా సినిమాలో వేషం వేస్తారా అని అడిగాడు. నాలో ఏదో కళ కనిపించిందని చాలా ఏళ్లు నమ్మాను. అతనికి కావలసింది గొంతు మాత్రమేనని ఇప్పుడు తెలుసు.

వేషం చిన్నది. మేం గనిని బావి అంటాం. బావిలో ప్రమాదం జరిగి సైరన్ మోగుతుంది. కాలనీ ఆడవాళ్లంతా ఉరుకుతారు. అందరికంటే ముందు నేను ఉరికి, సున్నంతో గీసిన గీత దగ్గర ఆగి, కెమెరా వైపు చూసి ఒక్క మాట అనాలి. "మా ఆయన పైకొచ్చిండా?" అంతే. ఇంకా పెద్దది ఇస్తారేమోనని రెండుసార్లు అడిగాను, ఇవ్వలేదు.

ఆ ఒక్క మాటనే పదిరోజులు సాధన చేశాను. పొయ్యి ముందు, నల్లా దగ్గర, బట్టలు ఆరేస్తూ. పక్క క్వార్టర్‌లో ఉండే ఆమె గోడ అవతలి నుంచి, "బావ ఎప్పుడో ఇంటికొచ్చిండు గదనే అక్కా, ఇంక ఎన్నిసార్లడుగుతవ్?" అనేది. నాకు సిగ్గు లేదు. మందమర్రిలో ఉన్న మా అక్కవాళ్లకు కూడా నా ముఖం గోడంత కనిపిస్తుందని కబురు పెట్టాను.

రిహార్సల్‌లో సైరన్‌కు బదులు ఈల ఊదారు. ఈలకు మా కాళ్లు లేవవని నేను అభ్యంతరం చెప్పాను. అంతటితో ఆగలేదు. షిఫ్టు సైరన్ ఒకే దమ్మున మోగుతుందని, ప్రమాదానిది ఆగి ఆగి మోగుతుందని పాఠం చెప్పాను. డైరెక్టర్ ముచ్చటపడి అధికారులను బతిమాలి, ఒకే ఒక్కసారికి అనుమతి తెచ్చాడు. జనం భయపడకుండా ముందురోజు డప్పు చాటింపు వేయించారు. నాకది చాలలేదు. ఇల్లిల్లూ తిరిగి, రేపు మోగేది ఉత్త కూత, ఎవరూ ఫికరు చేయొద్దని నేనే చెప్పి వచ్చాను.

ఫిబ్రవరి మొదటి గురువారం, పొద్దున పది ఇరవై. సైరన్ మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. నేను అందరికంటే ముందున్నాను. దారి చీలే చోట కుడికి పోతే మూతపడిన పాత బావి, సున్నపు గీత, కెమెరా. ఎడమకు పోతే మా ఆయన ఆ పొద్దున మొదటి షిఫ్టుకు దిగిన బావి. నా కాళ్లు ఎడమకు మళ్లాయి. మిగతా ఆడవాళ్లందరి మొగుళ్లూ ఏదో ఒక బావిలోనే ఉన్నారు. అయినా వాళ్లు నా మాట నమ్మి కుడికి పోయారు. నమ్మనిది నేనొక్కదాన్నే.

కార్మికులకు టోపీ దీపాలిచ్చే లాంపు రూము దగ్గర ఆగాను. కిటికీలో మా క్వార్టర్ల వరుసలోనే ఉండే మనిషి కూర్చున్నాడు.

"మా ఆయన పైకొచ్చిండా?"

"షిఫ్టు గాకుంట ఎట్లొస్తడు? ఉత్త కూతని నిన్న మా ఇంటికొచ్చి చెప్పింది నువ్వే గద వదినె."

"చెప్పిన. పైకొచ్చిండా?"

అతను నా వెనకకు తొంగి చూసి, "కెమెరా ఏది?" అన్నాడు.

అప్పుడు ఏడ్చాను. జీవితంలో నేను బాగా నటించగలిగిన ఏడుపు అదొక్కటే, తీసేవాళ్లు లేరు. అతను కంగారుపడి బావి కిందికి ఫోను చేసి, మా ఆయన క్షేమంగా పని చేసుకుంటున్నాడని చెప్పించాడు.

పాత బావి దగ్గరికి వెళ్లేసరికి సామాను సర్దుతున్నారు. నా వెనక ఉరికిన పక్కింటామె గీత దగ్గర ఆగి, నా కోసం చూసి, కెమెరా తిరుగుతూనే ఉంటే ఏం చేయాలో తెలియక ఆ మాట తానే అనేసిందట. పదిరోజులు గోడ మీదుగా విన్నది కదా, నా రాగంతో సహా వచ్చింది. సైరన్ మళ్లీ మోగించే వీల్లేదు. బాగానే వచ్చిందమ్మా అని డైరెక్టర్ నన్నే ఓదార్చాడు.

సాయంత్రం మా ఆయన బువ్వ తింటూ అంతా విన్నాడు. "సినిమా దిక్కు ఉరకక నా దిక్కు ఎందుకు ఉరికినవే?"

"తొవ్వ తప్పిన" అన్నాను. ఆయన ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

సినిమాను జనం నెత్తిన పెట్టుకున్నారు. మా దగ్గర ఆలస్యంగా ఇంటికొచ్చే ప్రతి మొగవాణ్నీ ఇప్పటికీ ఆ మాటతోనే ఆటపట్టిస్తారు. టాకీసులో నేను మందమర్రి చుట్టాల మధ్య కూర్చుని చూశాను. ఆడవాళ్లు ఉరికొచ్చారు. అందరికంటే ముందున్న మనిషి వీపు చూపించి ఎడమకు మళ్లి తెర అంచులో మాయమైంది. వెనక ఎవరో, "గామె ఎటు పోతాందిరా?" అన్నాడు. హాలంతా నవ్వింది. నన్నెవరూ గుర్తుపట్టకుండా నేనూ నవ్వాను.

ఆ సినిమాతో నాకు పోయినవి ఇవి. ఎండుమిరపకాయలు, రెండు కిలోలు. ఆ ఉరుకుడులో ఊడిన ఎడమ కాలి చెప్పు, ఒకటి. కుడి కాలి వెండి మట్టె, ఒకటి. మాట, ఒకటి. గోడంత ముఖం, ఒకటి. మనుషులు, ఎవరూ పోలేదు.