ఆమె పాఠాలు, దిద్దకుండా

నా భార్య పోయి ఏడాది కావస్తోంది, సంవత్సరీకం పెట్టాలి. మా వైపు ఆ రోజు భోజనానికి వచ్చినవాళ్ళ చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపడం అలవాటు. ఎక్కువమంది పోయినవాళ్ళ పేరు చెక్కించిన స్టీలు డబ్బా ఇస్తారు. మా వంటింట్లో అలాంటివి చాలా ఉన్నాయి. ఒకదాంట్లో పంచదార, ఒకదాంట్లో కందిపప్పు. వాటి మీద పేర్లున్న మనుషుల్లో సగంమంది ముఖాలు నాకు గుర్తు లేవు. నేను డబ్బాలు వద్దన్నాను. ఆమె చెప్పిన ఇంగ్లీషు పాఠాలు చిన్న పుస్తకంగా అచ్చు వేయించి ఇస్తానన్నాను.

నిడదవోలులో మా ఇంటి ముందు గదిలో ఆమె చాలా ఏళ్ళు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పింది. వచ్చేవాళ్ళలో నర్సింగు చదివేవాళ్ళు, కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీలో పనికి కుదిరినవాళ్ళు, రొయ్యల కంపెనీల్లో ఫోన్లు ఎత్తాల్సినవాళ్ళు ఉండేవారు. వ్యాకరణం చాలామందికి వచ్చు. నోరే తిరగదు. వాక్యం మొదలుపెట్టి 'టు' దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేవారు. మెల్లగా, జాగ్రత్తగా, నిజంగా లాంటి మాట ఎక్కడ పెట్టాలో తేలేది కాదు. తెలుగులో మెల్లగా నడవడం అంటాం. మెల్లగా అన్నది నడవడాన్ని ఆనుకునే ఉంటుంది. ఇంగ్లీషులోనూ నోటికి అలాగే వస్తుంది, 'టు స్లోలీ వాక్' అని. 'టు'కీ క్రియకీ మధ్య ఏదీ దూర్చకూడదని బళ్ళో ఎవరో చెప్పి ఉంటారు. ఆ భయంతో మొత్తం వాక్యమే మింగేసేవారు.

ఆమె బోర్డు మీద ఏమీ రాసేది కాదు. కుర్చీలు వరసగా వేసి నలుగురిని కూర్చోబెట్టేది. ఒకరు 'ట్రై', ఒకరు 'టు', ఒకరు 'లిఫ్ట్', ఒకరు 'ద పేషెంట్'. అయిదో అమ్మాయి 'జెంట్లీ'. ఆ అమ్మాయికి కుర్చీ ఉండదు. వాళ్ళ మధ్య ఎక్కడ కావాలంటే అక్కడ నిలబడాలి. నిలబడిన ప్రతిసారీ అందరూ వరసగా పలకాలి. 'ట్రై టు లిఫ్ట్ ద పేషెంట్ జెంట్లీ' బాగుంది. 'ట్రై టు జెంట్లీ లిఫ్ట్ ద పేషెంట్' అదీ బాగుంది. ఒకసారి ఆ అమ్మాయి వెళ్ళి 'టు'కి ముందు నిలబడింది.

"ఇప్పుడు మెల్లగా చేసేది ఏంటి? ప్రయత్నమా, ఎత్తడమా?" అని అడిగింది నా భార్య.

"ప్రయత్నంలా ఉందండి మేడమ్."

"అయితే పేషెంటు కింద పడ్డట్టే. రామ్మా, ఇటొచ్చి నిలబడు."

ఇంకో రోజు ఒకతను 'ఆన్ మండే మార్నింగ్' అన్న మాటలన్నీ మోసుకుంటూ వెళ్ళి 'టు'కీ 'గో'కీ మధ్య ఇరుక్కున్నాడు. పలకబోయి అందరూ నవ్వేశారు. "చూశారా, నోరే ఒప్పుకోలేదు. నన్నడగక్కర్లేదు," అంది. ఒంటి మాట అయితే మధ్యలో ఇముడుతుందని, పొడుగు మాటలైతే చివరికి పోవాలని, మార్చి చూసి చెవిని అడగాలని ఆమె పద్ధతి. పాఠాలన్నీ తనే టైపు చేసి పెట్టుకుంది.

ఆమె అన్నగారు రాజమండ్రిలో ఇంగ్లీషు లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు ఆమెకు ఇంగ్లీషు నేర్పింది ఆయనే. పుట్టింటి వైపు మిగిలింది కూడా ఆయనొక్కరే. అందుకని ముందుమాట రాయమని ప్రూఫు కాగితాలు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. మళ్ళీ వెళ్ళేసరికి వాటి నిండా ఎర్ర సిరా. 'టు'కీ క్రియకీ మధ్య మాట కనపడ్డ చోటల్లా కొట్టేసి, బాణం గుర్తు వేసి, ముందుకో వెనక్కో జరిపారు.

"ముందుమాట రాసేశాను బావగారూ. ఇవి దిద్దించి అచ్చుకివ్వండి."

"ఇవి తప్పులని మీ చెల్లెలు అనుకోలేదండి."

"అది అనుకోకపోతే తప్పు కాకుండా పోతుందా? జీవితమంతా పేపర్లు దిద్దానండి నేను."

"ఇంగ్లీషువాళ్ళే ఇలా మాట్లాడుతున్నారు కదండీ. రాస్తున్నారు కూడా."

"వాళ్ళు ఎలా మాట్లాడినా చెల్లుతుంది. మన పిల్లలు మాట్లాడితే రాదంటారు. ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చునేది నాలాంటి ముసలాడే."

ఆ మాటలో నిజముంది. అయినా ఒక వాక్యం చూపించాను. ఆమె రాసింది 'ఐ వాంట్ టు రియల్లీ అండర్‌స్టాండ్' అని. ఆయన 'రియల్లీ'ని 'వాంట్'కి ముందు పెట్టారు. నిజంగా కావాలనుకోవడం వేరు, నిజంగా అర్థం చేసుకోవడం వేరన్నాను.

"మీరెప్పుడు ఇంగ్లీషు మాస్టారయ్యారండీ? స్టేషన్లో టికెట్లు కదా ఇచ్చేవారు!"

"ఇచ్చేవాణ్ణేనండి."

ఆయన భార్య కాఫీ తెచ్చి మా మధ్య పెట్టింది. "ఊరుకోండి ఇద్దరూ. పోయిన మనిషికి మార్కులేంటండీ? అన్నయ్యగారూ, మీరు కాఫీ తాగండి, చల్లారిపోతుంది."

బావగారు మాత్రం ఊరుకోలేదు. "దిద్దకపోతే నా ముందుమాట వేయకండి. చెల్లి పేరు మీద తప్పులు పంచుతుంటే చూస్తూ కూర్చోలేను. ఆ రోజు నేను భోంచెయ్యను," అన్నారు. అది కోపం ఒక్కటే కాదని నాకు తెలుసు.

సంవత్సరీకం నాడు పుట్టింటివాళ్ళు విస్తరి ముందు కూర్చోకపోతే మా వాళ్ళు దాన్ని చిన్న విషయంగా చూడరు. బస్సులో కూర్చుని ఆ ఎర్ర గుర్తులన్నీ మళ్ళీ చూశాను. దిద్దితే ఏం పోతుంది అని కూడా అనుకున్నాను. కానీ ఈ ఏడాది పొడుగునా నేను చూసింది అదే. పోయిన మనిషిని అందరూ కలిసి బాగుచేస్తారు. ఎవర్నీ ఒక్క మాట అనేది కాదంటారు. ఆమె అనేది. చెయ్యి తిరిగిన వంట అంటారు. ఆమె చారు నీళ్ళలా ఉండేది, నేను తాగేవాణ్ణి. ఇలా బాగుచేస్తూ పోతే చివరికి నాకు తెలియని ఒక మంచి మనిషి మిగులుతుంది. ఆమె మాట్లాడిన తీరు ఈ కాగితాల్లో మిగిలింది. వీటినీ బాగుచేయనిస్తే ఇక నేను ఏడవాల్సింది ఎవరి కోసం?

ప్రెస్సుకి పాత ప్రతే ఇచ్చాను. ముందుమాట తీసేశాను. ప్రెస్సతను పేజీ చుట్టూ పువ్వుల బోర్డరు, మొదట్లో ఒక శ్లోకం వేస్తానన్నాడు. వద్దన్నాను.

"ఫొటో అయినా వేద్దామండి. కళ్ళ కింద నలుపు తీసేస్తాను. అందరూ తీయించుకుంటారు."

"ఫొటో వేయండి. నలుపు ఉంచండి."

బావగారు రారనుకున్నాను. వచ్చారు, భార్యతో కలిసి. తద్దినం మంత్రాలు జరుగుతున్నంతసేపూ తల వంచుకుని కూర్చున్నారు. తర్వాత పందిట్లో ఎవరి చేతిలోనో పుస్తకం చూసి తీసుకున్నారు. కళ్ళజోడు పెట్టుకుని నిలబడే పేజీలు తిప్పారు.

"ఒక్కటీ దిద్దలేదే!"

"దిద్దలేదండి."

"రేపు ఎవడైనా చూసి నవ్వితే?"

"నవ్వినవాళ్ళని మా ఇంటికి రమ్మనండి. అడ్రసు వెనక పేజీలో వేయించాను."

పక్కనున్నవాళ్ళు మాటలాపి మావైపు చూశారు. ఆయన పుస్తకం కుర్చీలో పెట్టేసి, బయట ఆగి ఉన్న ఆటోలో వెళ్ళి కూర్చున్నారు. భార్యనూ రమ్మన్నారు. ఆవిడ కదల్లేదు. "మీకు ఇంగ్లీషుతో కడుపు నిండుతుంది. నేను అన్నం తిని వస్తాను. అక్కడే ఉండండి," అని వెళ్ళి విస్తరి ముందు కూర్చుంది.

నేను ఆటో దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళు తుడుచుకుంటున్నారు. నన్ను చూసి మానేశారు.

"భోజనానికి రండి బావగారూ."

"మళ్ళీ అచ్చు వేస్తే దిద్దుతానని చెప్పండి. వస్తాను."

ఒక్క మాట. అది అనేసి ఆయన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకురావచ్చు. ఆ తర్వాత అచ్చు వేసినా వేయకపోయినా అడిగేవాళ్ళు లేరు.

"దిద్దనండి," అన్నాను.

"అయితే వెళ్ళండి. వడ్డన మొదలైంది, మీకోసం చూస్తున్నారు."

లోపలికి వచ్చి నేనూ కూర్చున్నాను.