తారీకు చూసుకొని రాని గోదావరి

2006 ఆగస్టు. అప్పుడు నేను భద్రాచలం దగ్గర సర్కారు వరద పడవకు సరంగుని. సరంగు అంటే పడవ నడిపేవాడు. వరద పడవ అంటే ఏడాదంతా ఒడ్డున బోర్లాపడి ఉండి, గోదావరి పొంగినప్పుడు మాత్రమే అందరికీ గుర్తొచ్చేది. దాని వెనక ఓబీఎం అనే ఇంజను బిగిస్తాం. పేరు ఇంగ్లీషుది, చాకిరీ గాడిదది.

వరద అంటే నీళ్లు ఎదురుగా గోడలా లేచి వస్తాయని పట్నం వాళ్లు అనుకుంటారు. అట్లా రాదు. గోదావరి నిండితే వాగు నీళ్లకు పోయే దారి ఉండదు. అవి వెనక్కి ఎక్కుతాయి. ఆఫీసర్లు దీన్ని బ్యాక్ వాటర్ అంటారు, మేం ఎదురుపోటు అంటాం. ముందు ఊరి వెనక రోడ్డు మునుగుతుంది. ఇళ్ల ముందు వాకిలి మాత్రం పొడిగానే ఉంటుంది, కోళ్లు గీరుకుంటూ ఉంటాయి. ఆ పొడి వాకిలిని నమ్మి మనుషులు చస్తారు.

భద్రాచలం దగ్గర నీటిమట్టం నలభై మూడు అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, నలభై ఎనిమిదికి రెండోది, యాభై మూడుకు మూడోది. మూడోది పడ్డాక పడవ ఊళ్లోకి పోయి మనుషుల్ని ఎక్కించుకొని రావాలి. కాగితం మీద అంతే. కానీ మనిషి బియ్యం బస్తా కాదు, ఎత్తి వేసుకోవడానికి.

నేను చెప్పబోయే ఊరు అడవి అంచున, వాగు గోదావరిలో కలిసే చోట ఉండే కోయగూడెం. పేరు రాయను. అక్కడి బడిలో సరోజన టీచర్ ఉండేది, మధిర వైపు మనిషి. ఏ రోజుకు ఆ రోజు, అదే తారీకున వెనకటి ఏళ్లలో లోకంలో ఏమేం జరిగాయో ఆమె రోజూ ప్రార్థనకు ముందు బోర్డు మీద రాసి, పిల్లలకు చదివి వినిపించేది. ముసలోళ్లు కూడా బీడీలు ముట్టించుకొని బడి అరుగు మీద కూర్చొని వినేవాళ్లు. నేను నలభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దినవాణ్ణి. ఎక్కడ రాత కనిపించినా కూడబలుక్కొని చదవనిదే కదలను. ఒక ఏడు జెండా పండుగకు బియ్యం దించడానికి పోయినప్పుడు ఆ బోర్డు చదివాను. పైన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన సంగతి. దాని కింద, 1914లో పనామా అనే చోట కాలువ తవ్వి ఓడలు వదిలిన సంగతి. అన్నిటికన్నా కింద, '1986: మన ఊరికి గోదావరి వచ్చింది' అని.

ఆ కింది వరుస అడిగి రాయించుకున్నవాడు ఊరిపెద్ద జోగయ్య. ఎనభై ఆరులో అతని భార్య, చిన్న కూతురు ఆ నీళ్లలోనే పోయారు. 1953లో కూడా గోదావరి ఆ రోజుల్లోనే వచ్చిందని ఊళ్లో ముసలోళ్లు చెప్పేవాళ్లు. దాంతో ఊరికి ఒక నమ్మకం కుదిరింది. ఒక్కో తారీకుకు దాని బరువు దానికి ఉంటుంది, గోదావరిది జెండా పండుగ తారీకు అని. ఏటా పద్నాలుగో తారీకున ఊరంతా మేకలతో, కోళ్లతో, తిండి గింజలతో, బడి బోర్డుతో, జెండాతో వెనక గుట్ట ఎక్కేది. జోగయ్య ఇంట్లో చనిపోయిన పెద్దలను తలుచుకునే కుండ ఒకటుంది. ఆ ఇంటి కట్టుబాటు ప్రకారం దాన్ని ఆ రోజు తప్ప కదపరు. జోగయ్య దాన్ని నెత్తిన పెట్టుకొని ముందు నడిచేవాడు. పదిహేడున దిగేవాళ్లు. నీళ్లు రాని ఏడు కూడా ఎక్కేవాళ్లు. నవ్వే పని కాదది. అంత బాగా గుట్ట ఎక్కే ఊరిని నేను మరొకటి చూడలేదు.

ఆ ఏడు గోదావరి ముందే వచ్చింది.

ఆరో తారీకు, ఆదివారం పొద్దున. మూడో హెచ్చరిక పడింది. నేనూ, ఇంజను చూసే రాములూ పడవ తీసుకొని పోయాం. దారిలో వరి మళ్ల మీదుగా నడపాలి. కంచె తీగలు ఇంజను రెక్కకు చుట్టుకోకుండా గడతో తడుముకుంటూ పోయేసరికి పొద్దు బాగా ఎక్కింది. గుట్టకు పోయే బాట అప్పటికే ఎర్రనీళ్ల కింద ఉంది. ఊరు మధ్యలో దిబ్బలా మిగిలింది. వాకిళ్లు పొడిగా ఉన్నాయి.

ఎవరూ సర్దుకోలేదు. ఒక ముసలామె నన్ను చూసి, "ఏంది సరంగూ, జెండా పండగ ఇంకా రాకముందే వచ్చినవ్? బిస్కెట్లు తెచ్చినవా?" అంది. గోదావరిని అడుగు అన్నాను. మేకలు మాత్రం ఎవరూ తోలకుండానే బడి అరుగు ఎక్కి నిలబడ్డాయి. నీకన్నా అవే నయమని రాములు ఆమెతో అంటే ఆమె కట్టె తీసింది.

పిల్లల్నీ, బాలింతలనూ ముందు ఎక్కించి గుట్టకు ఒక విడత చేర్చాం. రెండో విడతకు పెద్దవాళ్లు మొండికేశారు. జోగయ్య లేస్తే లేస్తామన్నారు. అతను తన ఇంట్లో కుండ ముందు గొంతుక్కూర్చొని ఉన్నాడు. కోడలు ముత్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. రోడ్డు మునిగి ఊళ్లోనే చిక్కుకుపోయిన సరోజన టీచర్ ఆమె పక్కన ఉంది.

నాకు మెత్తగా మాట్లాడటం రాదు. "నీ పెండ్లాన్ని తారీకు చంపలే జోగన్నా, నీళ్లు చంపినయ్. ఆ నీళ్లు నీ దొడ్డికి వచ్చినయ్, లే" అన్నాను.

అతను తల తిప్పలేదు. ఎనభై ఆరులో పొద్దున్నే టముకు వేసి చెప్పారట, ఊరు ఖాళీ చెయ్యమని. చిన్న కూతురు జెండా దగ్గర పాట పాడాలి. అది పాడినాక పోదామని తానే అన్నాడట. పాట అయ్యింది. తర్వాత బాట లేదు. ఇదంతా అతను కుండ వైపు చూస్తూనే చెప్పాడు.

"గోదారికి ఆ తారీకు ఉన్నది, వచ్చింది, తీస్కపోయింది. గట్లనుకొనే బతుకుతున్న" అన్నాడు. "ఇయ్యాల లేస్తే, అది ఎప్పుడైనా వస్తదని ఒప్పుకున్నట్టే. ఎప్పుడైనా వచ్చేదైతే, నా బిడ్డను తీస్కపోయింది గోదారి కాదు. నేను."

ముప్ఫై ఏళ్లుగా పడవ నడుపుతున్నాను, ఎంతోమందిని తిట్టి ఎక్కించాను. ఈ మనిషిని తిట్టడానికి నోరు రాలేదు. వెనక దొడ్డిలో పేడకుప్ప కరిగి నీళ్లలో కలుస్తోంది. ముత్తమ్మ మాత్రం గుమ్మం దాటి లోపలికి వచ్చి, మామ లేవకపోతే తానూ లేవనని అతని వెనకే కూర్చుంది. లేచి పొమ్మని అతను కసిరినా కదల్లేదు.

అప్పుడు జోగయ్య విసుగ్గా, "టీచరమ్మా, ఇయ్యాల్టి తారీకుకు ఏమున్నది? ఏం లేదు. ఆరో తారీకు ఉత్తది" అన్నాడు.

"ఉత్తది కాదు తాతా" అంది టీచర్. "నలభై ఐదులో ఇదే రోజు జపాన్‌లో ఒక పట్నం మీద బాంబు వేశారు. పొద్దున్నే, పిల్లలు పనులకి పోయే వేళకి. క్షణాల్లో ఊరు ఊరంతా కాలిపోయింది."

జోగయ్య మొదటిసారి ఆమె వైపు తిరిగాడు.

"ఆ ఊరోళ్లకు ముందుగాల ఎవరన్నా చెప్పిన్రా?"

"లేదు తాతా. అలాంటిదొకటి పడుతుందని వాళ్లకి ఎవ్వరూ చెప్పలేదు."

బయట రాములు ఇంజను ఆపి ఉంచాడు. కోళ్లు కూడా అరవడం లేదు. వాగు ఎక్కుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"మాకు చెప్పిన్రు" అన్నాడు జోగయ్య. "అప్పుడు చెప్పిన్రు. ఇప్పుడు గూడ చెప్పిన్రు."

మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. కుండను తానే ఎత్తుకున్నాడు. తారీకు కాని రోజున ఆ కుండ గడప దాటడం చూసి ముత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అతను పడవ దగ్గరికి నడవగానే మిగిలినవాళ్లు ఎవరూ పిలవకుండానే వచ్చారు. పడవలో అతను కుండను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. దిగేటప్పుడు చెయ్యి అందిస్తే పట్టుకోలేదు. ఆ దినం అతను నన్ను క్షమించలేదనుకుంటాను. అది నాకు తప్పుగా అనిపించలేదు.

సాయంత్రానికి ఆ ఇళ్ల కప్పులు మాత్రమే కనిపించాయి. మనిషి ఒక్కడూ పోలేదు. ఆ మాట విని అందరూ సంతోషించారు, గుట్ట మీద ఒక్కడు తప్ప. ఇరవై ఏళ్లుగా గోదావరి మీద పెట్టిన బరువును ఆ మధ్యాహ్నం అతను తన నెత్తికి తీసుకున్నాడు. మేం కాపాడినది ఊరిని. దానికి ఖర్చు పెట్టింది అతను.

మరుసటి ఏడు నుంచి ఆ ఊరు పద్నాలుగున గుట్ట ఎక్కడం మానలేదు, అది పోయినవాళ్ల కోసం. రెండో హెచ్చరిక పడితే ఏ తారీకైనా ఎక్కుతుంది, అది ఉన్నవాళ్ల కోసం. ఈ కట్టు పెట్టింది జోగయ్యే.

ఆ తర్వాత ఇంకా కొన్నేళ్లు పడవ నడిపాను. ఏ ఊరికి పోయినా నీళ్లు ఎన్ని అడుగులున్నాయో ముందు చెప్పడం మానేశాను. అడుగులు వాళ్లకు తెలుసు, కళ్ల ముందే ఉన్నాయి. గుమ్మంలో కూర్చొని కదలనంటున్న మనిషి పక్కన నేనూ కూర్చొని, పోయినసారి మీ ఇంట్లో ఎవరు పోయారని అడిగేవాణ్ణి. కొందరు తిట్టారు. ఒకామె చేట విసిరింది. ఎక్కువమంది మాత్రం చెప్పారు. చెప్పడం అయ్యేదాకా ఊరకుంటే చాలు, తర్వాత వాళ్లే చెప్పులు వెతుక్కున్నారు.