ముందు చెయ్యెత్తింది ఎవరు

వరంగల్లు జైలు నుంచి మా కొత్తవాడకు అరగంట నడక. విడుదలైన రోజు ఆ నడకకు నాకు పూటంతా పట్టింది. దారిలో రెండు హోటళ్లలో ఆగి చాయ్ తాగాను. తల దించుకుని నడవాలో ఎత్తుకుని నడవాలో తేలక, మూసి ఉన్న ఒక దుకాణం అరుగు మీద చాలాసేపు కూర్చున్నాను. ఇంటికి చేరేసరికి మా అక్క వాకిట్లో నూలు ఎండేస్తోంది. నన్ను చూసి ఏడవలేదు. "ముందుగాల తానం జెయ్యి తమ్మీ. తిన్నంక మాట్లాడుదాం" అంది.

నేను చేసింది మా వాడలో అందరికీ తెలుసు. ఇక్కడా చెప్పాలి. మాది జంపఖానాలు నేసే వాడ. వెడల్పాటి జంపఖానా నేయాలంటే ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. నా పక్కన కూర్చునేవాడు నాకంటే నాలుగేళ్లు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ని. పని నేర్పింది కూడా అతనే. ఒక మధ్యాహ్నం మిగతావాళ్లంతా బువ్వకు పోయారు. షెడ్డులో మేమిద్దరమే ఉన్నాం. నేను రంగుచారలు తప్పు వేయడంతో జానెడు నేత విప్పాల్సి వచ్చింది. అతను నవ్వాడు. నా చేతిలో పంజా ఉంది. పంజా అంటే నేసిన దారాన్ని కొట్టి బిగించే ఇనుప పళ్ల దువ్వెన. దానితో అతని కుడి మణికట్టు మీద కొట్టాను. ఒకసారి కాదు, రెండుసార్లు. దవాఖానాలో చెయ్యి తీసేయకుండా కాపాడారు గాని, ఆ వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు.

అతనే ముందు చెయ్యెత్తాడని చెప్పమన్నాడు మా వకీలు. కోర్టులో అదే చెప్పాను. శిక్ష ఐదేళ్లకు తగ్గింది. లోపల పడ్డాక కూడా అడిగినవాడికల్లా అదే చెప్పాను. కొన్నాళ్లకు అది నాకే నిజమనిపించింది.

నేను చదివిన నాలుగు తరగతులు నిజాం కాలం నాటివి, ఉర్దూలో. ఇంట్లో మాట్లాడే తెలుగును కాగితం మీద పెట్టడం అప్పటికి నాకు రాదు. జైలుకు ఆదివారాలు ఒక క్రైస్తవ పంతులు వచ్చేవాడు. ప్రార్థన అయ్యాక పలకలు పంచి అక్షరాలు దిద్దించేవాడు. ఆరు నెలలకు నాకు కూడబలుక్కుని రాయడం వచ్చింది.

"ఏం రాయాలె సార్?" అని అడిగాను.

"పొద్దుగాల్నుంచి ఏం జూసినవో అది రాయి."

అన్నంలో రాయి తగలడం, గోడ మీద పావురం వాలడం, పంపు దగ్గర వరస. పలక నిండింది. ఆయన చదివి, "పొద్దంత నీ పక్కన కూసున్నోడు ఇండ్ల లేడేంది?" అన్నాడు.

విడుదలయ్యాక ఏ షెడ్డువాడూ నన్ను మగ్గం ఎక్కనివ్వలేదు. "నీ చేతికి పంజా ఇయ్యాలంటె భయమైతది బిడ్డా" అని ఒక పెద్దాయన మొహం మీదే చెప్పాడు. ఆయన తప్పు లేదు. చివరికి నూలుకు రంగులద్దే ఒక ముసలి సాయెబు పని ఇచ్చాడు. తెల్లవారి రంగునీళ్ల కాగులు మరగడానికి గంట పట్టేది. ఆ గంటలో నేను నూలు కట్టలకు చుట్టి వచ్చే మందపాటి కాగితాల మీద రాసేవాణ్ని. ఒకే మగ్గం మీద కూర్చునే ఇద్దరి కథ అది. ప్రతి పేజీ మీదా నీలం వేలిముద్రలు పడేవి. అది పూర్తి కావడానికి రెండేళ్లు పట్టింది.

సాపు చేసి కోస్తాలోని ఒక వారపత్రికకు పంపాను. కథ బాగుంది, భాష మోటుగా ఉంది, పాత్రల మాటలు మార్చి పంపండి అని రాశారు. ఒక ప్రకరణం మార్చి అక్కకు చదివి వినిపించాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ నవ్వాపుకోలేకపోయింది. "మనోళ్లు గిట్ల మాట్లాడిన్రా ఎన్నడన్న? రేడియోల వార్తలు సదివినట్టున్నది." మార్చిన కాగితాలు పొయ్యిలో పెట్టాను. పాత ప్రతినే మరో మూడు చోట్లకు పంపాను. మూడు చోట్ల నుంచీ తిరిగి వచ్చింది. ఐదోసారి తపాలాకు పోలేదు, వరంగల్లులోనే పెళ్లికార్డులు అచ్చువేసే ఒక చిన్న ప్రెస్సుకు పోయాను. యజమాని నాలుగు రోజులు ఉంచుకుని చదివాడు.

"ఏస్త. గని ఒక్క మాట. ఆ చెయ్యి వొయినాయన ఉన్నడు గద? ఆయినకు వినిపిచ్చినవా?"

"లేదు."

"వినిపిచ్చి రా."

నెల రోజులు పోలేదు. నవల అటక మీద పడేసి రంగుల పని చేసుకుందామనే అనుకున్నాను. కాని పొద్దున కాగులు మరుగుతుంటే చేతులు కాగితం కోసం వెతికేవి. ఒక ఆదివారం కట్ట చంకన పెట్టుకుని హసన్‌పర్తి బస్సెక్కాను.

అతను అక్కడ, భార్య పుట్టినూళ్లో, చెరువు కింద ఒక మామిడితోటకు కావలి ఉంటున్నాడు. ఎడమచేత్తో గడ్డి కోస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి కొడవలి పక్కన పెట్టాడు.

"ఎందుకచ్చినవ్?"

"నవల రాసిన. అండ్ల నువ్వున్నవ్. సదివి వినిపిద్దామని."

గుడిసెలోంచి అతని భార్య నీళ్లు తెచ్చింది. చెంబు నా చేతికివ్వలేదు, నేల మీద పెట్టింది. "సదువు" అన్నాడు అతను.

రెండు మూడు గంటలు చదివాను. షెడ్డులో గొడవ దగ్గరికి వచ్చాను. అతను ముందు చెయ్యెత్తాడు అన్న వాక్యం నోట్లోంచి రాగానే, "ఆగు" అన్నాడు.

"నేను చెయ్యెత్తిన్నా?"

చేతిలో కాగితం ఒళ్లో పెట్టుకున్నాను.

"కోర్టుల చెప్పినవ్. శిచ్చ తప్పిచ్చుకునుటానికి చెప్పినవనుకున్న. ఇప్పుడు నిన్నెవలు అడుగుతాన్రు? ఈడ పోలీసోళ్లున్నరా?"

"లేరు."

"మల్ల? నాకు ఏ షెడ్డోడు చిన్న పని గూడ ఇయ్యలే. వాడే ముందుగాల మీదికి వొయిండట, కొట్లాటలోడు అన్నరు. నా చెయ్యి వొయిన సంగతి మర్సిపోయిన్రు. నీ మాట మాత్రం మర్వలే."

జైల్లో ఉన్నన్నాళ్లూ నా శిక్ష నేను అనుభవిస్తున్నాననుకున్నాను. బయట అతను కూడా ఒకటి అనుభవిస్తున్నాడని నాకు తట్టనేలేదు.

"మారుస్త అన్నా" అన్నాను. అన్నా అనే హక్కు ఉందో లేదో ఆలోచించకముందే వచ్చేసింది.

"మార్సు. ఇంకోటి. ముంగటంత నన్ను దేవుని లెక్క రాసినవ్. నేను నిన్ను బూతులు తిట్టేటోన్ని. ఓసారి నీ బువ్వగిన్నె తన్నిన, యాదికున్నదా?"

"ఉన్నది."

"అది గూడ రాయి. మంచోన్ని కొడితెనే తప్పా? నా అసోంటోన్ని కొడితె తప్పు గాదా?"

ఆ ప్రశ్నతో బస్సెక్కాను. మూడు ప్రకరణాలు మళ్లీ మొదటి నుంచి రాశాను. రాసినంతవరకూ తీసుకుని ఆదివారాలు హసన్‌పర్తి పోయి వినిపించేవాణ్ని. ఒక్కోసారి తల ఊపేవాడు, ఒక్కోసారి "గిట్ల గాదు" అనేవాడు. క్షమించానని ఎన్నడూ అనలేదు, నేనూ అడగలేదు. అతని భార్య చివరిదాకా చెంబు నేల మీదే పెట్టింది.

నవల అచ్చయింది. మొదటి పేజీలోనే రాశాను: ఇందులోని దెబ్బ నేను కొట్టిందే, ముందు చెయ్యెత్తింది నేనే, కోర్టులో చెప్పింది అబద్ధం. అతనికి ఐదు ప్రతులిచ్చాను. అతనికి చదువు రాదు. తనను కాదన్న షెడ్డుల్లోనే నాలుగు పంచి వచ్చాడని తర్వాత తెలిసింది. వాళ్లలో ఒకరు, చారలు సరిచూసే పనికి రమ్మని కబురు పెట్టారట. తోట అలవాటైందని పోలేదు.

మా అక్కకు మాత్రం పెద్ద దెబ్బే తగిలింది. తన తమ్ముడు ఊరికే కొట్టలేదని ఇన్నేళ్లూ బావి దగ్గర, పెళ్లిళ్లలో అందరితో వాదించిన మనిషి ఆమె. "నన్ను గూడ అబద్ధాలదాన్ని జేసినవ్" అంది. పది రోజులు నాతో మాట్లాడలేదు. వేళకు కంచం పెట్టి పక్కకు పోయేది. ఆమె కోపం న్యాయమైనదే. ఆ పది రోజుల్లోనే, తెల్లవారి కాగుల కింద మంట పెట్టి, రెండో నవల మొదటి పేజీ రాశాను.