మస్తానమ్మ గ్రిల్లులో పసుపు మంట

కరోనా ఆంక్షలన్నీ ఎత్తేసిన తర్వాత వచ్చిన మాఘమాసంలో మా కంపెనీ నన్ను నెల్లూరు బ్రాంచికి ఏరియా సర్వీస్ మేనేజరుగా బదిలీ చేసింది. మాది ఇళ్ళకు గ్యాస్ పొయ్యిలు, హోటళ్ళకు పెద్ద బర్నర్లు తయారుచేసే కంపెనీ. ఏరియా సర్వీస్ మేనేజరంటే వినడానికి పెద్ద పదవే గానీ, నిజానికి అది రెండు వైపులా దెబ్బలు తినే మద్దెల ఉద్యోగం. కింద ఊళ్ళు తిరిగి రిపేర్లు చేసే టెక్నీషియన్లు, పైన చెన్నైలో కూర్చుని ప్రతి రిపేరుకూ కారణం అడిగే క్వాలిటీ విభాగం. ఎటునుంచి దెబ్బ పడినా మోగేది మేమే. అయినా నా సొంత ఊరు సంగం కావడంతో, ఉద్యోగం చివరి రోజుల్లో సొంత జిల్లాకు వచ్చానని సంతోషంగానే చేరాను.

అప్పటికి కొన్నాళ్ళ ముందే మా వాళ్ళు ఒక గ్యాస్ గ్రిల్లును మార్కెట్లోకి దింపారు. నాలుగు కాళ్ళ మీద నిలబడే స్టీలు పెట్టె అది. లోపల వరసగా మూడు బర్నరు గొట్టాలు, వాటిమీద కమ్మీలు, పైన మూత. బొగ్గుల బాధ లేకుండా చేపలూ కోడీ కాల్చుకోవచ్చు. జిల్లాలో బాగానే అమ్ముడుపోయింది, ఫిర్యాదులూ బాగానే వచ్చాయి. కావలిలో ఒక డాక్టరు గారింట్లో గ్రిల్లు మూతకున్న మరలు తుప్పు పట్టి రాలిపోయాయి. ఉప్పుగాలి తగిలే ఊళ్ళకు మామూలు ఇనుప మరలు వేసి పంపడం ముమ్మాటికీ మా తప్పే. క్షమాపణ చెప్పి స్టీలు మరలు బిగించి వచ్చాం. మనుబోలులో ఒక రైతు ఫిర్యాదు వేరు. గ్రిల్లు మీద వంకాయ చక్కగా కాలుతోంది గానీ పచ్చడికి ఆ పొగవాసన రావడం లేదట. గ్యాస్ మంటకు పొగ రాకూడదని, వస్తే మా సరుకు ఫెయిలైనట్టేనని ఆయనకు వివరంగా చెప్పాను. "అయితే ఆ ఫెయిలైందే ఒకటి ఇయ్యండి సార్" అన్నాడాయన.

ఇలాంటివాటితో నవ్వుకుంటూ రోజులు గడుస్తుండగా మస్తానమ్మ ఫిర్యాదు నా బల్ల మీదకు వచ్చింది. ఆమెది మైపాడు వైపు సముద్రం ఒడ్డున జాలర్లుండే ఒక పట్టపుపాలెం. భర్త పెంచలయ్య పడవ మీద వేటకు పోతాడు. ఆమె ఏళ్ళ తరబడి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని నెల్లూరు వీధుల్లో అమ్మింది. మెడనొప్పి ముదిరాక ఇక తట్ట మోయలేనని, ఉన్నదంతా ఊడ్చి మా గ్రిల్లు కొని, తీరంలో తాటాకు పందిరి కింద కాల్చిన చేపల కొట్టు పెట్టింది. పక్కనే కొత్తగా కట్టిన లాడ్జికి సొంత వంటగది లేదు. ఆదివారం మధ్యాహ్నం వచ్చి తిని చూస్తాననీ, నచ్చితే తమ దగ్గర దిగేవాళ్ళకు చేపలన్నీ ఆమె కొట్టునుంచే తెప్పిస్తాననీ లాడ్జి మేనేజరు మాటిచ్చాడు. ఆ బేరం కుదిరితే కొట్టు నిలబడుతుంది. కుదరకపోతే ఆ మెడతోనే మళ్ళీ తట్ట ఎత్తుకోవాలి.

చిక్కేమిటంటే గ్రిల్లు ఒక్కో బర్నరుగా మొరాయిస్తూ వచ్చింది. మొదట ఎడమ బర్నరులో మంట పసుపురంగుకు తిరిగింది. మా టెక్నీషియన్ ఒకతను వెళ్ళి జెట్టు మార్చాడు. జెట్టంటే గ్యాసు బయటికి చిమ్మే సన్నటి బెజ్జమున్న ఇత్తడి ముక్క. అతను వచ్చి వెళ్ళాక మధ్య బర్నరు కూడా పసుపుకు తిరిగింది. ఇంకొకతను వెళ్ళి గ్యాసు ట్యూబు, రెగ్యులేటరు మార్చి వచ్చాడు. దాంతో మూడోది కూడా చెడింది. చేప పైన మసిపట్టి, లోపల పచ్చిగా ఉంటోందని కొనుక్కున్నవాళ్ళు సగం తిని పారేసి పోతున్నారట. అన్నీ సరిగ్గానే ఉన్నాయని టెక్నీషియన్లిద్దరూ రిపోర్టు రాశారు. అందరూ శాకాహారులే గానీ రొయ్యల బుట్ట ఏమైందో తెలియదన్నట్టుంది వ్యవహారం.

చెన్నై వాళ్ళు మాత్రం హడలిపోయారు. వరసగా మూడు బర్నర్లు పోయాయంటే ఆ లాటులో, అంటే దాంతోపాటు ఒకే విడతలో తయారైన గ్రిల్లుల్లో, గొట్టాలన్నీ నాసిరకమేమో, అమ్మినవన్నీ వెనక్కి తెప్పించాలేమోనని వాళ్ళ భయం. నన్నే స్వయంగా వెళ్ళి తేల్చమన్నారు. తయారీ లోపమైతే గ్రిల్లు మార్చాలి. వాడేవాళ్ళ తప్పయితే ఆ మాట రాసి ఫిర్యాదు మూసేయాలి. శనివారం ఉదయం పనిముట్ల సంచీ తీసుకుని బయలుదేరాను. మర్నాడే ఆదివారమని నాకు గుర్తుంది.

నేను వెళ్ళేసరికి పెంచలయ్య పందిరి నీడన వల బాగుచేసుకుంటున్నాడు. మస్తానమ్మ సందువ చేపలకు మసాలా పట్టిస్తోంది. నన్ను చూడగానే, "రాండి సార్. ఇద్దరొచ్చినారు, ఇద్దరూ ఒక్కో బర్నరు సంపేసి పోయినారు. మీరొచ్చి ఏం జేస్తారో, ఇంక సంపేదానికి కూడా ఏం మిగల్లా" అంది. మాట కటువే గానీ, అంటూనే కుర్చీ తుడిచి వేసింది.

ఇక్కడ మంట గురించి నాలుగు మాటలు చెప్పాలి. గ్యాసు బాగా మండితే మంట నీలంగా, పొట్టిగా, చురుగ్గా ఉంటుంది. అలా మండాలంటే గ్యాసులో ముందే గాలి కలవాలి. అందుకే ప్రతి గొట్టానికీ మొదట్లో, జెట్టు పక్కనే, గాలి పీల్చే రంధ్రం ఒకటి ఉంటుంది. జెట్టులోంచి దూసుకొచ్చే గ్యాసు ఆ రంధ్రం గుండా గాలిని తనతో లాక్కుపోతుంది. గాలి చాలకపోతే మంట పసుపుగా, పొడుగ్గా, బద్ధకంగా లేస్తుంది. మసి ఎక్కువ, వేడి తక్కువ. పరీక్షకు ఒక వరస ఉంది. ముందు గేజి పెట్టి గ్యాసు ఒత్తిడి చూడాలి, తర్వాత జెట్టు, ఆ తర్వాత గొట్టం. ఒత్తిడి సరిగ్గా ఉంది. జెట్లు కొత్తవే. సిలిండరు కట్టేసి, గొట్టాల మొదళ్ళు చూద్దామని ముందువైపు రేకు విప్పాను.

మూడు గొట్టాల మెడకూ మూడు పసుపు గుడ్డలు కట్టి ఉన్నాయి. ఒక్కో గుడ్డలో ఒక్కో రూపాయి బిళ్ళ, పైన ముడి, ముడిమీద కుంకుమ. ఎడమ గుడ్డ వెలిసిపోయింది, కుడివైపుది ఇంకా పచ్చగా ఉంది. మూడూ సరిగ్గా గాలి రంధ్రాల మీదే ఉన్నాయి.

ఇవేమిటమ్మా అని అడిగాను.

"ముడుపులు సార్. కొట్టు తెరిచిన రోజు లాడ్జి బేరం కుదరాలని గంగమ్మకి మొక్కుకోని మొదటిది కట్టినా. పడవకి కడతాం గదా, ఇదీ మాకు కూడు పెట్టేదే గదా. ఆనక మంట చెడింది. మీవోడొచ్చి బాగుచేసినా బాగుకాలా. అందుకని రెండోది కట్టినా. రెండోవోడొచ్చినా అంతే. ఇంగ మూడోది కట్టినా."

నవ్వు ఆపుకోవడం చాలా కష్టమైంది. గ్రిల్లు జబ్బుపడినప్పుడల్లా ఆమె దాని ముక్కు మూసి మొక్కుకుంటూ వచ్చింది. పెట్టెలో ఎక్కడా కాకుండా అక్కడే ఎందుకు కట్టావని అడిగితే, మిగతా ఎక్కడ కట్టినా కాలిపోతుంది, అక్కడే చల్లగా ఉంటుందని చెప్పింది. అదీ నిజమే. చల్లటి గాలి పీల్చుకునే చోటు చల్లగా కాక ఎలా ఉంటుంది?

మా టెక్నీషియన్లలో ఒకతనికి ఫోన్ చేసి ఆ గుడ్డను చూశావా అని అడిగాను. చూశాడట. "దేవుడి గుడ్డ గదా సార్. నేను చెప్పులేసుకోని ఉండా. ఎట్టా ముట్టుకునేది?" అన్నాడు. కోప్పడదామనుకున్నాను గానీ, రేకు విప్పగానే నా చెయ్యి కూడా ఒక్క క్షణం వెనక్కి పోయిన మాట నిజం. నెల్లూరు జిల్లాలో పుట్టినవాడెవడూ ముడుపును గుడ్డపేలిక అనుకోడు.

గాలి సంగతి మస్తానమ్మకు విడమరిచి చెప్పాను. ఆమె టక్కున అర్థం చేసుకుంది. అర్థం చేసుకున్నాక ముఖం వాడిపోయింది. మొక్కు తీరకుండా ముడుపు విప్పకూడదట. పెంచలయ్య వల మీదనుంచి తలెత్తకుండానే తేల్చేశాడు. "విప్పితే నేను రేపు ఏటకి పోను సార్. సముద్రంతో సరసాలొద్దు." ముడుపులు విప్పితే తప్ప మంట రాదు, మంట వస్తే తప్ప బేరం కుదరదు, బేరం కుదిరితే తప్ప ముడుపు విప్పకూడదు. పోనీ ఉన్నవాటిని ఉన్నట్టే వదిలేసి వెళ్దామంటే అదీ కుదరదు. మంట ఎప్పుడైనా గొట్టంలోకి వెనక్కి తన్నితే ముందు అంటుకునేది ఆ గుడ్డలే. అందుకే సిలిండరు మళ్ళీ తెరవనివ్వలేదు.

మస్తానమ్మ ఇచ్చిన టీ తాగుతూ గొట్టాల వంక చూస్తూ కూర్చున్నాను. ఒక్కో గొట్టానికి ఉన్నవి రెండే మరలు. ముడుపు విప్పకూడదు సరే, గొట్టాన్ని విప్పకూడదని ఎవరన్నారు?

ఆ మాటే అడిగాను. మస్తానమ్మ మొగుడి వంక చూసింది. పెంచలయ్య వల కింద పెట్టి, లేచి వచ్చి గొట్టాలను వంగి చూశాడు. "పడవకి చెక్క మారిస్తే పాతచెక్కని ముడుపుతోనే ఒడ్డున పెడతాం. దానికి దోషం లేదు. దీనికీ ఉండదు" అన్నాడు చివరికి. మా క్వాలిటీ విభాగం ఏ కేసులోనూ అంత స్పష్టమైన నిర్ణయం ఇచ్చినట్టు నాకు గుర్తులేదు.

మూడు గొట్టాలూ ముడుపులతో సహా ఊడదీసి, పందిట్లో గంగమ్మ పటం ముందు పెట్టాం. కొత్త గొట్టాలు నెల్లూరు స్టాకులో లేవు, చెన్నైనుంచి తెప్పించే వ్యవధీ లేదు. షోరూంలో చూపించడానికి పెట్టిన గ్రిల్లులోంచి మూడింటినీ విప్పుకున్నాను. డొల్ల పెట్టెను జనానికి ఎలా చూపించాలని షోరూం ఇన్‌చార్జి గొణిగాడు. మూత తీయకుండా చూపించమన్నాను.

ఆదివారం పొద్దున్నే వెళ్ళి బిగించాను. సిలిండరు తెరిచి వెలిగించగానే ఎడమనుంచి కుడిదాకా మూడు వరసల్లో నీలం మంట జుమ్మని లేచింది. ముప్పై ఏళ్ళకు పైగా మంటలే చూసినవాణ్ణి, అయినా ఆ రోజు నాకు చిన్నపిల్లాడికున్నంత సంబరం కలిగింది. మస్తానమ్మ చెంపలు వేసుకుని మంటకు దండం పెట్టింది. ఆపైన ఆ దండాన్నే నా వైపు తిప్పబోతే వద్దని వారించాను.

మధ్యాహ్నం లాడ్జి మేనేజరు వచ్చాడు. నేను మామూలు గిరాకీ లాగా ఓ మూల కూర్చున్నాను. సందువ తోలు కరకరలాడుతూ, లోపల వెన్నలాగా కాలింది. ఆయన ఒకటి తిని, రెండోది తిని, ఇంటికి రెండు కట్టివ్వమన్నాడు. కానీ ప్రస్తుతానికి శని, ఆదివారాలు మాత్రమే తీసుకుంటానన్నాడు. మస్తానమ్మ పోట్లాడింది. చేపల తట్టతో వీధులు తిరిగిన గొంతు ముందు ఆయన ఎంతోసేపు నిలవలేదు. శుక్రవారం కూడా కలిపాడు.

ఆయన వెళ్ళాక అసలు ప్రశ్న వచ్చింది. మొక్కు తీరినట్టా, తీరనట్టా? మస్తానమ్మ ఎంతో న్యాయంగా లెక్కచూసింది. రెండో ముడుపు, మూడో ముడుపు మంట కోసం కట్టినవి. మంట వచ్చింది కాబట్టి ఆ రెండూ విప్పి, బిళ్ళలు గంగమ్మ గుడి హుండీకి తీసిపెట్టింది. మొదటిది బేరం కోసం కట్టింది. "వారంలో సగమే ఇచ్చినాది అమ్మ. మిగతా సగం ఇచ్చేదాకా ఉండనీ" అని దాన్ని పటం దగ్గరే ఉంచింది. ఎండాకాలం సెలవుల్లో లాడ్జి వాళ్ళు వారమంతా తీసుకోవడం మొదలుపెట్టాక, ఆ ముడి కూడా విప్పానని ఫోన్ చేసి చెప్పింది. ఆ రోజు నాకు ఆఫీసులో పని సాగలేదు, అంత ఆనందమేసింది.

చెన్నైకి రిపోర్టు పంపాను. కారణం గాలి రంధ్రాలకు గుడ్డ అడ్డుపడటం. లాటులో లోపం లేదు, సరుకు వెనక్కి తెప్పించనవసరం లేదు. చర్య మూడు గొట్టాల మార్పు, గుడ్‌విల్ కింద. గుడ్‌విల్ అంటే వారంటీకి రాకపోయినా, కొన్నవాళ్ళ నమ్మకం కోసం మేనేజరు తన విచక్షణతో ఇచ్చే విడిభాగం. క్వాలిటీ అధికారి వెంటనే ఫోన్ చేశాడు. గుడ్డ తీసేస్తే సరిపోయేదానికి గొట్టాలెందుకు మార్చారన్నాడు. ఆ గుడ్డ విప్పే అధికారం నా హోదాకు లేదన్నాను. మరి ఎవరికుందని అడిగితే, విషయం మొత్తం చెప్పాను. ఆయనదీ తమిళనాడులో సముద్రం ఒడ్డు ఊరేనట. ఇంకో ప్రశ్న వేయకుండా సంతకం పెట్టాడు.

ఆ తర్వాత నేను మా ప్రశ్నల వరస మార్చాను. అప్పటిదాకా ఫిర్యాదు వస్తే మేం అడిగేవి మూడే. కింద పడేశారా? నీళ్ళు పోశారా? బయటివాళ్ళతో రిపేరు చేయించారా? మూడూ వాళ్ళు చేసిన తప్పు గురించే. మస్తానమ్మ మూడింటికీ లేదని చెప్పింది, అది పచ్చినిజం. నాలుగోదిగా ఇంకొకటి చేర్చి, దాన్నే ముందు అడగమన్నాను. ఇది బాగా పనిచేయాలని మీరేమైనా చేశారా? ఆ ప్రశ్నకు ఒకాయన గాలికి మంట ఆరకూడదని తాను చుట్టిన దోమతెర జాలీ చూపించాడు. ఒకావిడ తిప్పే బొత్తాలు మృదువుగా తిరగాలని తాను పోసిన కొబ్బరినూనె చూపించింది. అదివరకు ఇలాంటి ఫిర్యాదులకు ఎన్ని జెట్లు, ఎన్ని రెగ్యులేటర్లు అనవసరంగా మార్చామో. సరుకు పట్ల తాము చేసిన చెడును కొన్నవాళ్ళు దాస్తారేమో గానీ, మంచిని దాచరు. మేం అడగలేదు కాబట్టి చెప్పలేదు, అంతే.