కనబడే తాళం

నేను డిగ్రీ పాసయ్యాను. మా ఇంట్లో ఈ మాట అన్న మొదటి మనిషిని నేనే. అందుకే బమ్రోలి నేతపేటలో మా గది ముందు మెట్ల మీద నిలబడి రెండోసారి కూడా అన్నాను, కింది వాటావాళ్లకు వినబడేలా.

లాక్‌డౌన్‌లో సాంచెలు, అంటే మరమగ్గాలు, బందై ఇంట్లోనే ఉంటున్న నాయిన మాస్కు గడ్డం కిందికి లాగాడు.

"ఇంట్ల కూసోని రాసిన పరీక్ష గూడ పాసేనా బిడ్డా?"

"పక్కా పాస్ నాయినా! ఇంకో ఖబర్ గూడ ఉన్నది."

ఖటోదరాలో చీరల డిజైన్లు గీసే ఆఫీసులో నేను ఆపరేటర్ని. డిజైన్లన్నీ దాచే సర్వర్‌ను ఇకనుంచి నన్నే చూసుకోమని మేనేజరు సారు ఆ పొద్దున్నే ఫోన్ చేసి చెప్పారు. మొదటి పని కూడా అప్పుడే అప్పజెప్పారు.

మా దగ్గర ఒక్కో వ్యాపారికి ఒక్కో ఫోల్డర్. ఏ ఆపరేటర్ పని ఆ ఆపరేటర్‌కే తెరుచుకుంటుంది కానీ, పేర్లు మాత్రం అందరికీ కనబడతాయి. ఇళ్ల నుంచి పని చేస్తున్న ఆపరేటర్లలో ఒకరు తన స్క్రీన్ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. ఏయే వ్యాపారులు మాతో గీయిస్తున్నారో బజారంతా చదివింది. మా ఆఫీసు యజమాని సేఠ్ మండిపడ్డాడు. తెరవలేని ఫోల్డర్లేవీ ఇకమీద ఎవరికీ కనబడకూడదన్నాడు.

సెట్టింగ్‌లో ఒక్క టిక్కు పెడితే అయిపోయే పని. పెట్టబోయి ఆగాను. ఆ పేర్లలో 'ట్రైనింగ్' అని ఒకటుంది.

డిజైన్ ఎలా తయారు చేయాలో, సర్వర్ ఎలా నడపాలో నేర్పే వీడియోలు అందులో ఉంటాయి. ఆఫీసు స్టాఫ్‌కే తెరుచుకుంటుంది, ఆపరేటర్లకు కాదు. చేరిన కొత్తలో నేను రోజూ దాన్ని నొక్కేదాన్ని. అనుమతి లేదని రోజూ చెప్పేది. లోపల ఏముందో తెలియదు, ఏదో ఉందని మాత్రం తెలుసు. సారు టీ తాగే వేళకు వెళ్లి అడిగేదాన్ని. చివరికి నా పోరు పడలేక తెరిచిచ్చారు. ఇవాళ సర్వర్ నా చేతికి వచ్చిందంటే అక్కడ నేర్చుకున్నందుకే. టిక్కు పెడితే నా వెనక వచ్చే పిల్లలకు ఆ పేరే ఉండదు.

నాయినకు చెప్పాను. ఆయన నవ్వాడు.

"మా కార్ఖానకు ఒక సేఠ్ వస్తె, ఇంకో సేఠ్ సీరె నడిచే సాంచ మీద చద్దర్ కప్పుతం. నమూనా కనవడది. గని చద్దర్ కింద సాంచ ఉన్నదని అందరికి ఎరుకే గదనే! సాంచనే మాయం జెయ్యమంటె ఎట్ల?"

వెంటనే సారుకు ఫోన్ చేశాను. ఆయనది గుంటూరు వైపు.

"వ్యాపారుల ఫోల్డర్లు దాస్తాను సార్. ట్రైనింగ్ దాయను. దాన్ని ఆ టిక్కు తగలని వేరేచోట పెడతాను. తాళం ఉంటే ఉండనీ, పేరు అందరికీ కనబడాలి."

"ఎందుకమ్మా లేనిపోని గోల? కనబడకపోతే ఎవరూ అడగరు. హాయిగా ఉంటుంది."

"నేను వద్దంటోంది ఆ హాయినే సార్."

"పని ఇచ్చిన రోజే ఎదురు చెప్తున్నావా? సేఠ్ అడిగితే సర్వర్ నీ చేతిలో ఉంటుందా?"

"పోతే పోనీ సార్. నేనే చేశానని చెప్పండి."

ఫోన్ పెట్టేశాను. అన్నంత పనీ చేశాను. సాయంత్రం సేఠ్ ఒక ఆపరేటర్ చేత స్క్రీన్ తెరిపించి చూశాడట. వ్యాపారుల పేర్లు లేవు. "బరాబర్ ఛే," సరిగ్గానే ఉందని అన్నాడట, అంతే. ట్రైనింగ్ వైపు ఆయన కన్ను కూడా పోలేదు. సర్వర్ నా దగ్గరే ఉంది!

మర్నాడు మా పక్క గల్లీలో ఉండే కొత్త ఆపరేటర్ ఫోన్ చేసింది.

"అక్కా, గీ ట్రైనింగ్ అంటె ఏంది? ఇన్నిరోజులు గా పేర్ల గుంపుల సూడనే లేదు. ఇప్పుడు నా ఫోల్డర్ గాక గిదొక్కటే కనవడ్తున్నది. ఒత్తితె తెరుచుకుంటలేదు."

"సార్‌ను అడుగు."

"కాదంటె?"

"మల్ల అడుగు. టీ తాగే టైముకు ఫోన్ జెయ్యి."

ఆ సాయంత్రం సారు నాకు ఫోన్ చేశారు. "ఏం చేశావమ్మా నువ్వు? టీ కూడా తాగనివ్వట్లేదు ఈ ఆపరేటర్లు!"

"తెరిచిచ్చెయ్యండి సార్," అన్నాను. "టీ చల్లారకముందే."