రెజిన్ గాలించిన రోజు

ఈ సంగతి అవ్వకూ నా డైరీకీ తప్ప ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. కుప్పంలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు రెజిన్ కడగడం నేను ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు, పుంగనూరులో మా అవ్వ దగ్గర నేర్చుకున్నాను. మొన్న మదనపల్లెలో నేను పనిచేసే ఆసుపత్రి ల్యాబుకు నీటి యంత్రం బాగుచేసే అతను వచ్చి, నీటిలోని లవణాలను పట్టుకునే పాత రెజిన్ తీసి కొత్తది పోస్తూ గుప్పెడు గింజలు నేలమీద ఒలకబోశాడు. రాగుల్లా సన్నగా, తేనె రంగులో మెరుస్తున్న వాటిని ఎత్తుతుంటే ఆ రోజులన్నీ వేళ్లకు తగిలాయి.

అప్పట్లో మా ప్రాజెక్టు, మట్టిలోని సూక్ష్మజీవులను పెంచి, వాటిలో ఒకటైనా బాక్టీరియాను చంపుతుందేమో చూడటం. తక్కినవాళ్లు కాలేజీ చుట్టుపక్కల మట్టి తెచ్చుకుంటే, నేను అవ్వ వాళ్ల పశువుల పాక వెనక మట్టిని పొట్లం కట్టుకుని బస్సులో తెచ్చాను. అందులోని ఒక జీవి చుట్టూ బాక్టీరియా పెరగలేదు. దాన్ని పెంచిన ద్రవంలో బాక్టీరియాను చంపే మందు ఉందని తెలిసింది గానీ, విడదీయడమే కష్టం. గాజు గొట్టంలో అయాన్ ఎక్స్ఛేంజ్ రెజిన్ నింపి, వడకట్టిన ద్రవం పైనుంచి పోస్తే మందు ఆ గింజలకు అంటుకుంటుంది, మిగతాది చాలావరకు కిందికి పోతుంది. తర్వాత పలుచని ఆమ్లం పోసి మందును విడిపించుకోవాలి.

నా గొట్టంలో చుక్క దిగలేదు. మా గైడు మేడమ్, ఇంకొక్కసారి చూడు, కాకపోతే ఈ జీవిని వదిలేసి పుస్తకాలు చూసి రిపోర్టు రాసెయ్యి అన్నారు. పక్క బల్ల దగ్గరి స్నేహితురాలు, "ఏమ్మే, నీ గొట్టానికి మలబద్ధకం మాదిరి ఉండాది, రోంత కషాయం పోసి సూడు" అని ఆటపట్టించింది. బదులు చెప్పే నోరు లేనిదాన్ని గనుక నేనూ నవ్వాను గానీ, మా ఊరి మట్టిలో పుట్టినదాన్ని పారబోయాలంటే మనసు ఒప్పలేదు. రెజిన్‌ను గిన్నెలోకి దించితే నీళ్లు మసకబారాయి. నలిగిన గింజల పొడే దారికి అడ్డుపడిందని అర్థమైంది. ఆ తర్వాత నా చేతులే పని చేసుకుపోయాయి: నీళ్లు పోసి గుండ్రంగా తిప్పడం, బరువు గింజలు అడుక్కు చేరేదాకా ఆగడం, పైన తేలిన పొడిని వంపేయడం, అంతా చిన్నప్పుడు అవ్వ నేర్పినట్టు, పొట్టూ దుమ్మూ పోయేలా రాగులు గాలించినట్టే. నీళ్లు తేటపడ్డాక మళ్లీ గొట్టం నింపితే ద్రవం బొట్టుబొట్టుగా దిగింది. ఆఖర్న విడిపించుకున్న మందును ఆమ్లపు గుణం పోగొట్టి, బాక్టీరియా పూసిన ప్లేటులో పెడితే, మరునాటికి దాని చుట్టూ బాక్టీరియా పెరగని అద్దంలాంటి తేట వలయం ఏర్పడింది. మేడమ్ దాన్ని కిటికీ వెలుగుకు పట్టుకుని, పక్క గదిలోని లెక్చరర్లను కూడా పిలిచి, ఇది మా అమ్మాయి పని అని చూపించారు. అంత గర్వంగా నేను మళ్లీ ఎన్నడూ నిలబడలేదు.

ఇప్పుడు ప్రయోగాలకు వాడే రెజిన్ గొట్టాల్లో నింపి సిద్ధంగానే వస్తోంది, రాగులూ శుభ్రం చేసిన ప్యాకెట్లలోనే వస్తున్నాయి. చేతులు తడిచే పని తగ్గింది, మంచిదే. కానీ ఆ గిన్నె తిప్పే ఒడుపు నాతోనే ఆగిపోతుందేమోనని దిగులు. అప్పట్లో ప్రాజెక్టు అయ్యాక సెలవులకు పుంగనూరు వెళ్లి ఇదంతా చెప్పినప్పుడు అవ్వ ముఖం వెలిగిపోయింది. నేను మళ్లీ వెళ్లేసరికి అవ్వ లేదు. ఆ రోజు బస్సుకు టైమైందని నేను గడప దాటుతుంటే వెనకనుంచి తను అడిగిన మాట ఇది:

"మందు దొరికింది సరే గానీమ్మా, గాలించేది మీ అవ్వ నేర్పిందని మీ మేడమ్‌కు సెప్పినావా, ల్యాదా?"